"ఆంబులెన్స్‌ను రాకుండా అడ్డుకున్నాయి": ప్రివెంట్ తర్వాత టు రావాలా, ఫ్రమ్ రావాలా?

ప్రశ్న: మల్కాజ్‌గిరి_అమ్మాయి

అందరికీ నమస్కారం. మా కాలనీ తరఫున మున్సిపల్ ఆఫీసుకూ ట్రాఫిక్ పోలీసులకూ ఇంగ్లిష్‌లో ఒక ఫిర్యాదు రాస్తున్నాం, అందులో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాం. విషయం ఏంటంటే మా సందు మొదట్లో ఒక ఫంక్షన్ హాల్ ఉంది, ముహూర్తాలున్న రోజుల్లో వచ్చిన కార్లన్నీ సందులోనే రెండు వైపులా పెట్టేస్తారు. ఈమధ్య మా వెనక ఇంటి పెద్దాయనకు రాత్రిపూట గుండెనొప్పి వస్తే 108 తొందరగానే వచ్చింది, కానీ సందులోకి తిరగలేకపోయింది, ఆయన్ను స్ట్రెచర్ మీద మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళారు. దేవుడి దయ, ఇప్పుడు బాగానే ఉన్నారు. ఇన్నాళ్ళూ ఫోన్లు చేసి వదిలేశాం, ఈసారి మాత్రం కాగితం మీద పెట్టి రసీదు తీసుకోవాలని అందరం అనుకున్నాం.

తెలుగులో వాక్యం సులువే: "సందులో పెట్టిన కార్లు ఆంబులెన్స్‌ను లోపలికి రాకుండా అడ్డుకున్నాయి." ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి వాట్సాప్ గ్రూపులో మూడు రకాలుగా రాశారు.

"ద కార్స్ ప్రివెంటెడ్ ది ఆంబులెన్స్ టు ఎంటర్ ద లేన్" అని ఒకరు.
"ద కార్స్ ప్రివెంటెడ్ ది ఆంబులెన్స్ ఫ్రమ్ నాట్ ఎంటరింగ్ ద లేన్" అని ఇంకొకరు, తెలుగులో "రాకుండా" ఉంది కదా నాట్ ఉండి తీరాలి అని గట్టిగా వాదిస్తున్నారు.
"ద కార్స్ ప్రివెంటెడ్ ది ఆంబులెన్స్ ఫ్రమ్ ఎంటరింగ్ ద లేన్" అని నేను.

నాదే కరెక్ట్ అనిపిస్తోంది గానీ ఎందుకు కరెక్టో వాళ్ళకు చెప్పలేకపోతున్నా. పైగా ఒక అంకుల్ ప్రివెంట్ చిన్న మాట, హిండర్ అనో ఆబ్‌స్ట్రక్ట్ అనో పెడితే ఆఫీసర్లు సీరియస్‌గా తీసుకుంటారు అంటున్నారు. ఏది పెట్టాలి? కారణం కూడా చెబితే గ్రూపులో అలాగే పెట్టేస్తాను.

బడిపంతులు_నంద్యాల

అమ్మా, మీరు రాసిందే సరైనది. ప్రివెంట్, తర్వాత ఎవరిని ఆపారో ఆ మనిషి లేదా వస్తువు, తర్వాత ఫ్రమ్, తర్వాత ఐఎన్‌జీ రూపం. కోచింగ్ సెంటర్లలో ఈ ఐఎన్‌జీ రూపాన్నే వీ-ఫోర్ అంటారు. కానీ మీరు కారణం అడిగారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఎందుకంటే మా పిల్లలు ఏటా తడబడేది సరిగ్గా ఈ రెండు చోట్లే, తప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించకుండా ఫార్ములా మాత్రమే బోర్డు మీద రాస్తే వారానికి మరిచిపోతారు.

మొదటి వాక్యంలో ఆ టు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఎలౌ నుంచి వచ్చింది. "దే ఎలౌడ్ మీ టు గో", "దే ఫోర్స్‌డ్ మీ టు గో", "దే ఆస్క్‌డ్ మీ టు గో", ఇవన్నీ మనం చిన్నప్పటి నుంచి విన్నవి, అదే అలవాటులో ప్రివెంట్ పక్కన కూడా టు పెట్టేస్తాం. ఒకసారి గమనించండి, ఎలౌ, పర్మిట్, ఫోర్స్, ఎంకరేజ్ అన్నీ మనిషిని పని వైపు పంపించే మాటలు, వాటి తర్వాత టు వస్తుంది. ప్రివెంట్, స్టాప్, ప్రొహిబిట్, బ్యాన్, డిస్కరేజ్, ఇవి పని నుంచి వెనక్కి లాగే మాటలు, వీటి తర్వాత ఫ్రమ్ వస్తుంది. ఎంకరేజ్ టు, డిస్కరేజ్ ఫ్రమ్ అని జంటగా పెట్టుకుంటే బాగా గుర్తుంటుంది. ఫర్బిడ్ ఒక్కటి మాత్రం ఆపే మాటే అయినా పాతకాలం నుంచి టు తీసుకుంటుంది, అందుకే ఇది సూత్రమని కంఠతా పట్టకండి, దారి చూపించే గుర్తు అనుకోండి.

ఇక రెండోది, నాట్ పెట్టాలని వాదిస్తున్నవారిది. ఆయన ఆలోచనలో తర్కం ఉంది, తెలుగు ప్రకారం ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది. మన భాషలో "అడ్డుకున్నాయి" అన్న క్రియ ఒక్కటే సరిపోదు, ముందున్న క్రియను కూడా వ్యతిరేకంలో పెడతాం: రాకుండా, వెళ్ళకుండా, పడకుండా. "వచ్చేదాని నుంచి అడ్డుకున్నాయి" అని ఎవరూ అనరు. ఇంగ్లిష్‌లో ఆ "కుండా" చేసే పనంతా ప్రివెంట్, ఫ్రమ్ కలిసి చేసేస్తాయి. మళ్ళీ నాట్ చేరిస్తే అర్థం తిరగబడుతుంది: "ఫ్రమ్ నాట్ ఎంటరింగ్" అంటే ఆంబులెన్స్ లోపలికి రాకుండా ఉండిపోవడాన్ని కార్లు ఆపాయి, అంటే కార్ల పుణ్యమా అని ఆంబులెన్స్ లోపలికి వచ్చింది అని! మీ ఫిర్యాదు చెప్పాలనుకున్నదానికి పూర్తిగా ఎదురు.

ఇదే "కుండా" ఇంకో చోట కూడా కనిపిస్తుంది. "తినకుండా వెళ్ళిపోయాడు" అంటే "హి లెఫ్ట్ వితౌట్ ఈటింగ్". ఇక్కడ "వితౌట్ నాట్ ఈటింగ్" అని ఎవరూ రాయరు కదా, వితౌట్‌లోనే లేదు అన్న అర్థం ఉందని అందరికీ తెలుసు. ప్రివెంట్ కూడా అలాంటిదే. అయితే కుండా కనిపించిన ప్రతిచోటా నాట్ తీసేయమని కాదు. "లేట్ కాకుండా చూసుకో" అన్నదాన్ని "మేక్ ష్యూర్ యు ఆర్ నాట్ లేట్" అనాలి, అక్కడ నాట్ ఉండాల్సిందే, ఎందుకంటే మేక్ ష్యూర్ అన్నదానిలో ఆపడం అనే అర్థం లేదు. "కింద పడకుండా జాగ్రత్తపడ్డాను" అంటే "ఐ టుక్ కేర్ నాట్ టు ఫాల్". కాబట్టి తెలుగు వాక్యంలో కుండా ఉందా లేదా అని కాకుండా, ఇంగ్లిష్‌లో మీరు ఎంచుకున్న క్రియ లోపల వద్దు, ఆగు అన్న అర్థం ఉందా అని చూడండి. ఉంటే నాట్ అక్కర్లేదు.

ఎవరిని ఆపారో చెప్పకుండా సంఘటనను మాత్రమే చెప్పాలంటే ఫ్రమ్ కూడా అవసరం లేదు. "ప్రివెంట్ యాక్సిడెంట్స్", "ప్రివెంట్ డిలేస్" అంతే.

పరాయి_ఊరి_పవన్

పంతులుగారు చెప్పింది బాగుంది, ఒక్క మాట చేర్చాలి. నేను ఉండేది బర్మింగ్‌హామ్‌లో. ఇక్కడి వాళ్ళు ఫ్రమ్ లేకుండా "ప్రివెంటెడ్ ది ఆంబులెన్స్ ఎంటరింగ్" అని కూడా మామూలుగా రాస్తారు, ఆఫీసు మెయిళ్ళలో, పేపర్లలో రోజూ కనిపిస్తుంది, బ్రిటిష్ ఇంగ్లిష్‌లో అది తప్పు కాదు. అమెరికా వాళ్ళకు మాత్రం ఫ్రమ్ లేకపోతే ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకని ఎవరైనా ఫ్రమ్ లేకుండా రాసింది చూపించి "చూశారా, ఇదీ కరెక్టే" అంటే గొడవపడకండి.

బడిపంతులు_నంద్యాల

అవును బాబూ, మంచి విషయం గుర్తుచేశారు. ఇంకో చిన్న సంగతి, బ్రిటన్‌లో అయినా కర్మణి వాక్యంలో, అంటే పాసివ్‌లో, ఫ్రమ్ తీసేయకూడదు. "ఐ వాజ్ ప్రివెంటెడ్ ఫ్రమ్ అటెండింగ్" అనాలి, "ఐ వాజ్ ప్రివెంటెడ్ అటెండింగ్" కుదరదు. మన పోటీ పరీక్షలు రాసే పిల్లలకు నా సలహా ఒకటే, ఎక్కడైనా ఫ్రమ్ పెట్టండి. అది ఏ దేశంలోనూ తప్పు కాదు, ఎర్రర్ స్పాటింగ్‌లో కూడా దాన్నే సరైన జవాబుగా తీసుకుంటారు.

ఎస్సెస్సీ_ఆశావాది

సర్, ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. స్టాప్, కీప్ కూడా ఇలాగేనా? మా మెటీరియల్‌లో స్టాప్ తర్వాత టు కూడా ఉంది, ఐఎన్‌జీ కూడా ఉంది, టెన్షన్‌గా ఉంది.

బడిపంతులు_నంద్యాల

నాన్నా, స్టాప్‌కు మనిషిని జతచేస్తే ప్రివెంట్‌లాగే: "హి స్టాప్‌డ్ మీ ఫ్రమ్ గోయింగ్", ఇక్కడా ఫ్రమ్ లేకపోయినా బ్రిటిష్ వాళ్ళకు ఓకే. మనిషి లేకపోతే రెండు వేరు వేరు అర్థాలు. "హి స్టాప్‌డ్ స్మోకింగ్" అంటే సిగరెట్ మానేశాడు. "హి స్టాప్‌డ్ టు స్మోక్" అంటే చేస్తున్న పని ఆపి సిగరెట్ వెలిగించడానికి నిలబడ్డాడు. ఆ టు "కోసం" అనే అర్థం ఇస్తోంది, ఆపిన పనిని చెప్పడం లేదు.

కీప్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఫ్రమ్ పోతే అర్థమే తలకిందులవుతుంది. "ద రెయిన్ కెప్ట్ మీ ఫ్రమ్ గోయింగ్" అంటే వాన నన్ను వెళ్ళనివ్వలేదు. "ద మ్యూజిక్ కెప్ట్ మీ గోయింగ్" అంటే ఆ పాటలే నన్ను ముందుకు నడిపించాయి. ప్రివెంట్‌లో ఫ్రమ్ మరిచిపోతే మహా అయితే మార్కు పోతుంది, కీప్‌లో మరిచిపోతే చెప్పిన విషయమే మారిపోతుంది. దీన్ని ఎగ్జామ్‌లో ఇష్టంగా అడుగుతారు కూడా.

కోర్టు_మెట్ల_మీద

మల్కాజ్‌గిరి మేడమ్, మీ ప్రశ్నలో రెండో సగానికి నేను జవాబిస్తాను, ఆబ్‌స్ట్రక్ట్ పెట్టాలా ప్రివెంట్ పెట్టాలా అన్నదానికి. మా వృత్తిలో ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉంటాయి, ఆ వాక్యం చూస్తే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. రాంగ్‌ఫుల్ రిస్ట్రెయింట్ అంటే అక్రమ నిరోధం, 1860 నాటి ఐపీసీలో 339వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 126. దాని నిర్వచనం "హూఎవర్ వాలంటరిలీ ఆబ్‌స్ట్రక్ట్స్ ఎనీ పర్సన్ సో యాజ్ టు ప్రివెంట్ దట్ పర్సన్ ఫ్రమ్ ప్రొసీడింగ్" అని మొదలవుతుంది, ఆ మనిషికి వెళ్ళే హక్కున్న ఏ దిక్కుకైనా సరే అని ముగుస్తుంది.

చూడండి, ఆబ్‌స్ట్రక్ట్ అన్నది చేసిన పని, అడ్డం నిలబడటం. ప్రివెంట్ అన్నది దాని ఫలితం, వెళ్ళలేకపోవడం. అడ్డం పెట్టినా పక్కనుంచి దూరి వెళ్ళిపోతే ఆబ్‌స్ట్రక్షన్ ఉంది గానీ ప్రివెంట్ కాలేదు. అందుకే చట్టం రాసినవాళ్ళు రెండు మాటలూ వాడారు, ఒకదానితో సరిపెట్టలేదు. నూట అరవై ఏళ్ళు దాటినా ఆ కూర్పు అలాగే నిలబడింది, నాకు ఆ వాక్యమంటే చాలా గౌరవం.

ఇంకోటి, ఆబ్‌స్ట్రక్ట్ తర్వాత దేనికి అడ్డుపడ్డారో అదే నేరుగా రావాలి: రోడ్డు, ట్రాఫిక్, వ్యూ, డ్యూటీలో ఉన్న ఆఫీసర్. "ఆబ్‌స్ట్రక్టెడ్ ది ఆంబులెన్స్ ఫ్రమ్ ఎంటరింగ్" అని ప్రివెంట్ అచ్చులో పోయకండి, బాగోదు. మీ ఫిర్యాదుకు పనికొచ్చే సెక్షన్ కూడా చెబుతాను, న్యాయ సంహిత 285, పబ్లిక్ వేలో అడ్డంకి కలిగించడం, జరిమానా 5,000 రూపాయల దాకా ఉండొచ్చు. పాత ఐపీసీ 283లో అది 200 రూపాయలే. అయితే మీ సందు పబ్లిక్ రోడ్డేనా, కాలనీ సొంత దారా అన్నది ముందు చూసుకోండి, దాన్నిబట్టి ఉంటుంది.

బెజవాడ_డెస్క్

హిండర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. నేను ఇంగ్లిష్ కాపీ దిద్దే పనిలో ఉన్నాను, ప్రివెంట్ రాయాల్సిన చోట హిండర్, హిండర్ రాయాల్సిన చోట ప్రివెంట్ వస్తే వార్తే తప్పవుతుంది, ఇది స్టైల్ సంగతి కాదు. హిండర్ అంటే పని సాగుతోంది, కానీ కష్టంగా, నెమ్మదిగా సాగుతోంది. ప్రివెంట్ అంటే పని జరగలేదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ వైపంతా మునిగినప్పటి సంగతి తీసుకోండి. గండ్లు పూడ్చడానికి ఆర్మీ వాళ్ళు కూడా వచ్చారు. ఎందుకు పూడ్చారు? "టు ప్రివెంట్ ద ఫ్లడ్ వాటర్ ఫ్రమ్ ఎంటరింగ్ ద సిటీ", నీళ్ళు అసలు రాకూడదు కాబట్టి ప్రివెంట్. ఆ పని జరుగుతుండగా వాన పడి ఆలస్యమైతే "రెయిన్ హిండర్డ్ ద వర్క్". అక్కడ "రెయిన్ ప్రివెంటెడ్ ద వర్క్" అని రాస్తే పని జరగనే లేదని పాఠకుడు అనుకుంటాడు, ఇంట్లో నీళ్ళలో కూర్చుని ఫోన్లో ఆ వార్త చదువుతున్నవాడి గుండె ఆగిపోతుంది. అదే రోజుల్లో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్నాయి, అక్కడ "ద బోట్స్ ఆబ్‌స్ట్రక్టెడ్ ద గేట్స్" అంటే సరిపోతుంది, వస్తువు అడ్డం పడింది కాబట్టి.

కాబట్టి మేడమ్, మీ అంకుల్‌గారికి గౌరవంగానే చెప్పండి, హిండర్ పెద్ద మాట కాదు, మీ విషయంలో తక్కువ మాట. ఆంబులెన్స్ నెమ్మదిగా వచ్చిందని కాదు కదా మీ బాధ, రాలేకపోయిందని. హిండర్ పెడితే "ఆలస్యమైంది అంతే కదా" అని వాళ్ళు తేలిగ్గా తీసిపారేసే వీలుంటుంది.

హిండర్‌కు నామవాచకం రాసేటప్పుడు మధ్యలో "ఈ" అక్షరం ఉండదు, హిండ్రన్స్ అని రాయాలి, చాలామంది హిండరన్స్ అని స్పెల్లింగ్ రాస్తారు. ఈ మాట మీ అందరి ఇళ్ళలోనూ ఉంది, పాస్‌పోర్ట్ తీసి చూడండి. రాష్ట్రపతి పేరు మీద రాసిన ఆ వాక్యంలో ఈ పాస్‌పోర్ట్ ఉన్న వ్యక్తిని "టు పాస్ ఫ్రీలీ వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్" అని ఉంటుంది. అక్కడి లెట్ మనకు తెలిసిన లెట్, అంటే వెళ్ళనివ్వు అన్నది కాదు, పాత ఇంగ్లిష్‌లో అడ్డంకి అనే అర్థం ఉన్న వేరే మాట. టెన్నిస్‌లో సర్వీస్ బంతి నెట్‌కు తగిలితే లెట్ అంటారే, అది కూడా ఇదే లెట్.

ఏఎన్ఎం_అక్క

మా పీహెచ్‌సీ గోడ మీద పోస్టర్లు రాయించేటప్పుడు నేను తరచూ చూసే తప్పు ఒకటి చెబుతాను, మీలో టీచర్లు ఉన్నారు కాబట్టి పిల్లలకు పనికొస్తుంది. "మాస్క్ ప్రివెంట్స్ యు ఫ్రమ్ కరోనా", "నెట్ ప్రివెంట్స్ యు ఫ్రమ్ మస్కిటోస్" అని రాస్తారు. ప్రివెంట్ మనిషి పక్కన వచ్చి ఫ్రమ్ పెడితే తర్వాత ఆ మనిషి చేసే పని రావాలి, జబ్బు పేరు రాకూడదు. కరోనా మనం చేసే పని కాదు. అక్కడ కావాల్సింది ప్రొటెక్ట్: "మాస్క్ ప్రొటెక్ట్స్ యు ఫ్రమ్ ఇన్ఫెక్షన్". ప్రివెంటే కావాలంటే జబ్బునే నేరుగా పెట్టండి, "ప్రివెంట్ డెంగ్యూ", లేదా దోమను పెట్టండి, "కవర్ ద ట్యాంక్ టు ప్రివెంట్ మస్కిటోస్ ఫ్రమ్ బ్రీడింగ్". మేం ఫ్రైడే డ్రైడే రోజున ఇంటింటికీ తిరిగి చెప్పేది అదే, దోమ గుడ్లు పెట్టకుండా ఆపమని. మనం కాపాడేది మనిషిని, ఆపేది జబ్బుని. అలాగే మనకు మనమే దూరంగా ఉండేదానికి అవాయిడ్ వాడాలి. "ఐ ప్రివెంట్ ఆయిల్ ఫుడ్" అని షుగర్ పేషెంట్లు నాతో అంటుంటారు, ఐ అవాయిడ్ అనాలి.

మల్కాజ్‌గిరి_అమ్మాయి

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. పంతులుగారి జవాబు గ్రూపులో పెట్టాను, నాట్ కావాలన్నవారు చదివి ఒప్పుకున్నారు. మీరంతా చెప్పినదాన్నిబట్టి ఇలా మార్చాను, చూడండి:

"కార్స్ పార్క్‌డ్ ఆన్ బోత్ సైడ్స్ బ్లాక్‌డ్ ద లేన్. ది ఆంబులెన్స్ వాజ్ ప్రివెంటెడ్ ఫ్రమ్ ఎంటరింగ్ అండ్ ద పేషెంట్ హాడ్ టు బి క్యారీడ్ టు ద మెయిన్ రోడ్. వి రిక్వెస్ట్ యు టు ప్రివెంట్ ద ఫంక్షన్ హాల్ గెస్ట్స్ టు పార్క్ ఇన్ ద లేన్."

బెజవాడ_డెస్క్

చివరి వాక్యంలో టు మళ్ళీ వచ్చేసింది, "ప్రివెంట్ ద ఫంక్షన్ హాల్ గెస్ట్స్ ఫ్రమ్ పార్కింగ్" చేయండి. "వి రిక్వెస్ట్ యు టు" లోని టు సరైనదే, అది రిక్వెస్ట్‌ది, దాన్ని తీయొద్దు.

రెండో వాక్యం వ్యాకరణం ప్రకారం బాగుంది కానీ నేనైతే పాసివ్ తీసేస్తాను. "ది ఆంబులెన్స్ వాజ్ ప్రివెంటెడ్" అనగానే ఎవరు ఆపారన్నది వాక్యంలోంచి మాయమైంది, ఫిర్యాదులో అది ఉండాలి. మొదటి రెండూ కలిపేయండి: "కార్స్ పార్క్‌డ్ ఆన్ బోత్ సైడ్స్ బ్లాక్‌డ్ ద లేన్ అండ్ ప్రివెంటెడ్ ది ఆంబులెన్స్ ఫ్రమ్ ఎంటరింగ్." బ్లాక్ చేసింది, అందువల్ల రాలేకపోయింది, రెండూ ఉన్నాయి, లాయర్‌గారు చెప్పిన వరసలోనే. పేషెంట్‌ను మోసుకెళ్ళిన సంగతి వేరే వాక్యంగా పెట్టండి.

కోర్టు_మెట్ల_మీద

వాక్యం బాగుంది. పైన తేదీ, ఆంబులెన్స్ ఎన్ని గంటలకు వచ్చిందో, 108కి ఏ ఫోన్ నుంచి చేశారో రాయండి, ఆ రాత్రి ఎవరైనా ఫొటో తీసి ఉంటే ప్రింట్ జతచేయండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి, ఇన్‌వర్డ్ నంబరు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

మల్కాజ్‌గిరి_అమ్మాయి

ఫొటోలు ఉన్నాయండీ, పక్కింటి తమ్ముడు బాల్కనీలోంచి తీశాడు, ఆంబులెన్స్ సందు మొదట్లో ఆగి ఉన్నది స్పష్టంగా పడింది. సోమవారం ఇస్తున్నాం, ఏమన్నారో ఇక్కడ రాస్తాను.